512 గళ్లు, 536 బైట్లు

1988 నవంబరు 2, బుధవారం. అమెరికాలోని సాల్ట్‌లేక్ సిటీలో రాత్రి తొమ్మిది దాటింది. యూటా విశ్వవిద్యాలయం కంప్యూటర్ సైన్స్ విభాగంలో వ్యాక్స్ 8600 అనే పెద్ద యంత్రం ఒకటి ఉంది. విభాగంలో వాళ్లంతా దాని మీదే పని చేసుకుంటారు. యంత్రం మీద ఏ క్షణాన ఎంత బరువు పడుతోందో చెప్పే అంకె ఒకటి ఉంటుంది. దాన్ని లోడ్ యావరేజ్ అంటారు. ఆ వేళకు మామూలుగా అది ఒకటి, రెండుకు మించదు.

9:21కి ఆ అంకె ఐదయింది. 10:01కి పదహారు. మరో ఐదు నిమిషాలకు యంత్రం కొత్త పని ఏదీ మొదలుపెట్టలేని స్థితికి వచ్చింది. ఎవరు ఏ కమాండ్ కొట్టినా జవాబు లేదు. 10:20కి నిర్వాహకుడు కూర్చుని, ఎక్కడివో తెలియని ప్రాసెస్‌లను ఒక్కొక్కటిగా చంపేశాడు. యంత్రం ఊపిరి తీసుకుంది. ఇరవై నిమిషాలు గడిచాయో లేదో మళ్లీ మొదలు. ఈసారి 27. 10:49కి ఇక లాభం లేదని యంత్రాన్నే ఆపేశారు. తిరిగి లేపితే 11:21కి 37.

చంపిన ప్రాసెస్‌లకు పెద్ద పేర్లేమీ లేవు. అన్నీ 'షెల్' అనే చెప్పుకున్నాయి. షెల్ అంటే యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడిచే యంత్రంలో మనిషి కొట్టిన కమాండ్లను అందుకునే ప్రోగ్రామ్. అలాంటివి యంత్రం నిండా ఎప్పుడూ ఉంటాయి. ఇంటి మనుషుల వేషంలో వచ్చిన దొంగను పట్టుకోవడం ఎంత కష్టమో ఆ రాత్రి నిర్వాహకులకు తెలిసొచ్చింది. డిస్కులో వెతికితే ఫైళ్లు లేవు. లోపలికి రాగానే అది తన ఫైళ్లను తానే తుడిచేసుకుని, మెమొరీలో మాత్రమే బతుకుతోంది.

కాలిఫోర్నియాలోని బర్కిలీలోనూ ఇదే గొడవ. శాన్ డియేగో, స్టాన్‌ఫర్డ్, లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల, నాసా ఏమ్స్ కేంద్రం... అన్నిచోట్లా ఇదే. పసిఫిక్ తీరం గడియారంలో రాత్రి 11:28కి నాసా ఏమ్స్ నుంచి పీటర్ యీ అనే ఆయన నెట్‌వర్క్‌లో అందరికీ ఒక సందేశం పంపాడు. మన మీద దాడి జరుగుతోందని, ఇది ఇంటర్నెట్ వైరస్ అని చెప్పి, అప్పటికి దెబ్బతిన్న చోట్ల పేర్లు రాశాడు. నెట్‌వర్క్ మీద దాడి అన్న మాటే అప్పటికి కొత్త. ఇంటర్నెట్ అంటే విశ్వవిద్యాలయాలు, ప్రయోగశాలలు, సైనిక పరిశోధన సంస్థలు. మొత్తం కలిపి అరవై వేల యంత్రాలు ఉంటాయని అంచనా. ఒకరి యంత్రంలోకి ఒకరు పాస్‌వర్డ్ కూడా లేకుండా వెళ్లివచ్చేంత నమ్మకం ఉన్న రోజులు.

ఆ సమయానికి, పసిఫిక్ తీరానికి రెండు వేల మైళ్లకు పైగా తూర్పున, న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకా అనే చిన్న ఊళ్లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో పిహెచ్‌డి మొదటి సంవత్సరం విద్యార్థి ఒకడికి గుండెల్లో రాయి పడింది. పేరు రాబర్ట్ టాపన్ మోరిస్. ఇరవై మూడో ఏడు నిండటానికి ఇంకా ఆరు రోజులుంది. తండ్రి రాబర్ట్ మోరిస్ బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ పాస్‌వర్డ్‌లకు రక్షణ కట్టిన గణితజ్ఞుడు. 1979లో కెన్ థాంప్సన్‌తో కలిసి ఆ సంగతి మీద ఆయన రాసిన వ్యాసాన్ని ఇప్పటికీ చదువుతారు. 1988 నాటికి ఆయన అమెరికా జాతీయ భద్రతా సంస్థ కింద పనిచేసే కంప్యూటర్ భద్రతా కేంద్రానికి ముఖ్య శాస్త్రవేత్త.

కొడుకు ఆ సాయంత్రం కార్నెల్‌లో కూర్చునే, ఎంఐటీలోని ఒక కంప్యూటర్ నుంచి తను రాసిన ప్రోగ్రామ్‌ను వదిలాడు. పుట్టిన చోటు కార్నెల్ అని తెలియకుండా ఉండాలని ఎంఐటీని ఎంచుకున్నాడు. ఫైళ్లు చెరపడం, రహస్యాలు దొంగిలించడం ఆ ప్రోగ్రామ్ పని కాదు. ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి చప్పుడు చేయకుండా పాకడమే దాని పని. ఒక యంత్రంలో ఇప్పటికే తనలాంటిది ఉందా అని అడుగుతుంది. ఉందని జవాబు వస్తే తప్పుకోవాలి. కానీ ఎవరైనా నిర్వాహకుడు తెలివిగా 'ఉంది' అని దొంగ జవాబు చెప్పించి తన ప్రోగ్రామ్‌ను ఆపేస్తాడేమో అన్న అనుమానం మోరిస్‌కు వచ్చింది. అందుకని ఏడింట ఒకసారి, ఏ జవాబు వచ్చినా లెక్కచేయకుండా అక్కడే ఉండిపొమ్మని రాశాడు.

ఏడింట ఒకటి అంటే చిన్న సంగతిలా కనిపిస్తుంది. కానీ ప్రతి యంత్రాన్నీ ఎన్నో యంత్రాలు మళ్లీ మళ్లీ తడుతుంటాయి. తట్టినప్పుడల్లా ఏడింట ఒకటి చొప్పున లోపల పోగుపడుతుంది. యూటాలో 37కి చేరిన అంకె ఆ లెక్క ఫలితమే. తను అనుకున్నదానికంటే ఎన్నో రెట్ల వేగంతో పాకుతోందని మోరిస్‌కు ఆ రాత్రే అర్థమైంది. వెనక్కి పిలిచే దారి లేదు.

*

అసలు అది లోపలికి ఎలా వెళ్లింది? దారులు నాలుగు. మెయిల్ మోసే సెండ్‌మెయిల్ ప్రోగ్రామ్‌లో పరీక్షల కోసం పెట్టి తీయకుండా వదిలేసిన డీబగ్ ద్వారం ఒకటి. ఒకదాన్నొకటి నమ్మే యంత్రాల మధ్య పాస్‌వర్డ్ అడగని రాకపోకలు ఇంకోటి. 432 మాటల జాబితా వెంట పెట్టుకుని పాస్‌వర్డ్‌లు ఊహించడం మూడోది. ఈ మూడూ నిర్లక్ష్యానికి, సౌకర్యానికి సంబంధించినవి. నాలుగోది వేరు. ఆ నాలుగోదాని కోసమే ఈ కథ చెప్పుకోవాలి. ఎందుకంటే అది ఒక్క యంత్రం లోపం కాదు, ఒక తరం ప్రోగ్రామర్లు అక్షరాలు కాపీ చేసిన పద్ధతిలోనే ఉన్న లోపం.

అప్పట్లో చాలా యూనిక్స్ యంత్రాల్లో ఫింగర్ అనే సేవ ఉండేది. ఫలానా మనిషి ఇప్పుడు యంత్రం మీద ఉన్నాడా, ఏ గదిలో కూర్చుంటాడు, ఫోను నంబరెంత అని దూరం నుంచి అడిగితే చెబుతుంది. అడిగేవాడు ఒక వరుస పంపుతాడు. అందులో ఒక పేరుంటుంది, అంతే. ఆ వరుసను అందుకోవడానికి ఫింగర్ సర్వర్ తన మెమొరీలో 512 బైట్ల చోటు కేటాయించి పెట్టుకుంది. ఒక బైట్ అంటే ఒక ఇంగ్లీషు అక్షరం పట్టే గడి అనుకోవచ్చు. ఇలా ముందే కొలిచి కేటాయించిన చోటునే బఫర్ అంటారు. మనిషి పేరు 512 అక్షరాలు ఎప్పుడు దాటుతుంది? రాసినవాడు అలాగే అనుకుని ఉండాలి.

వచ్చిన వరుసను ఆ గళ్లలోకి ఎక్కించే పనిని ఆ ప్రోగ్రామ్ 'గెట్స్' అనే ఫంక్షన్‌కు అప్పగించింది. సి భాష లైబ్రరీలో అది మొదటి నుంచీ ఉన్నదే. దానికి ఒకటే సంగతి చెబుతాం: ఎక్కడ మొదలుపెట్టాలి అని. అక్కడి నుంచి అక్షరం తర్వాత అక్షరం రాసుకుంటూ పోతుంది. వరుస అయిపోయిందన్న గుర్తు కనిపిస్తే ఆగి, చివర ఒక సున్నా బైట్ పెడుతుంది. సి భాషలో వాక్యానికి పొడవు అంటూ వేరే ఎక్కడా రాసి ఉండదు. సున్నా కనిపించిన చోటే ముగింపు. ఇక గెట్స్‌కు గళ్లు ఎన్ని ఉన్నాయో చెప్పే వీలే లేదు. చెబుదామన్నా అది వినిపించుకునే చోటు దాని నిర్మాణంలో లేదు.

512 గళ్లు నిండాక ఏమవుతుంది? ఏమీ కాదు. అంటే ఆగదు. పక్కనున్న మెమొరీ మీద రాస్తూ పోతుంది. ఆ పక్కన ఏముందన్నదే ప్రాణసంకటం. వ్యాక్స్ యంత్రంలో, ఫంక్షన్ పనిచేస్తున్నంతసేపూ దాని బఫర్లు మామూలుగా స్టాక్ అనే చోట ఉంటాయి. వాటికి ఆనుకునే, ఆ ఫంక్షన్ పని ముగిశాక ఎక్కడికి తిరిగి వెళ్లాలో చెప్పే చిరునామా కూడా అక్కడే ఉంటుంది. దాన్ని రిటర్న్ అడ్రస్ అంటారు. పాతకాలం పోస్టుకార్డు గుర్తు తెచ్చుకోండి. ఎడమపక్క ఉత్తరం, కుడిపక్క చిరునామా, మధ్యలో గీత. ఉత్తరం రాసే చెయ్యి గీత దాటి పోయి, చిరునామా మీదే ఇంకో చిరునామా రాసేస్తే, పోస్టుమ్యాన్ ఆ కార్డును దిద్దిన చిరునామాకే తీసుకెళ్తాడు. ఆయన తప్పేమీ లేదు, ఆయనకు కనిపించింది అదే.

మోరిస్ ప్రోగ్రామ్ ఫింగర్ సర్వర్‌కు పంపిన 'పేరు' పొడవు 536 బైట్లు. దాన్ని విప్పి చూస్తే అందులో పేరేమీ లేదు. మొదటి 400 బైట్లూ ఒకే విలువ, 1. వ్యాక్స్ ప్రాసెసర్ భాషలో దానికి 'ఏమీ చేయకు, ముందుకు నడు' అని అర్థం. ఆ తర్వాత 28 బైట్లు. అసలు సరుకు అదే: ఒక షెల్ తెరువు అన్న ఆజ్ఞ, యంత్రభాషలో. ఇక 512 దాటిన 24 బైట్లు చేసే పని ఒక్కటే. పక్కనున్న స్టాక్ సమాచారాన్ని తుడిచి, రిటర్న్ అడ్రస్ ఉన్న చోట కొత్త అడ్రస్ రాయడం. ఆ కొత్త అడ్రస్ బఫర్ లోపలికే చూపిస్తుంది. సరిగ్గా ఏ బైట్ మీద దిగుతామో తెలియకపోయినా పర్వాలేదు, ఆ 400 బైట్లలో ఎక్కడ దిగినా నడుచుకుంటూ ఆ 28 దగ్గరకు చేరతాం. ఫింగర్ సర్వర్ తన పని ముగించి వెనక్కి వెళ్లబోయింది. వెళ్లాల్సిన చోటికి కాక, అప్పుడే అందుకున్న పేరులోకి వెళ్లింది. ఆ పేరే ప్రోగ్రామ్ అయి నడిచింది. దూరాన ఉన్న మోరిస్ ప్రోగ్రామ్ చేతికి ఆ యంత్రం షెల్ వచ్చింది. అక్కడి నుంచి 99 వరుసల చిన్న సి ప్రోగ్రామ్ ఒకటి లోపలికి పంపి, అక్కడే కంపైల్ చేయించి, అంటే యంత్రభాషలోకి మార్పించి, దాని చేత మిగతా భాగాలను లాగించుకుంది.

వ్యాక్స్ యంత్రాల మీదే ఈ విద్య పారింది. సన్ కంపెనీ యంత్రాల ప్రాసెసర్ భాష వేరు, స్టాక్ అమరిక వేరు. అక్కడ ఫింగర్ సర్వర్ కుప్పకూలి ఊరుకుంది. లోపం రెండుచోట్లా అదే, బతికి బయటపడడం మాత్రం అదృష్టం.

*

గురువారం తెల్లవారుజామున హార్వర్డ్‌లో ఆండ్రూ సడత్ అనే యువకుడు కీబోర్డు ముందు కూర్చున్నాడు. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో పడవ పందేల్లో రజతం గెలిచిన జట్టులో మనిషి అతను, మోరిస్ స్నేహితుడు. మోరిస్ ఫోను చేశాడు. పరిస్థితి చెప్పాడు. ఏం చేస్తే ఇది ఆగుతుందో చెప్పాడు. తూర్పు తీరం గడియారంలో 3:34కి సడత్ పేరు పెట్టకుండా ఒక సందేశం పంపాడు. ఇంటర్నెట్‌లో వైరస్ ఒకటి తిరుగుతోందేమోనని మొదలుపెట్టి, ఆపడానికి మూడు పనులు చెప్పాడు. అందులో మొదటిది ఫింగర్ సర్వర్ సంగతి: దాన్ని ఆపెయ్యండి, లేదా చదివేటప్పుడు స్టాక్ దాటి రాయకుండా సరిచేయండి.

విరుగుడు మొత్తం ఆ సందేశంలో ఉంది. కానీ అది వెళ్లాల్సిన దారిలో యంత్రాలు ఆగిపోయి ఉన్నాయి. ఒకటి బరువుకు కూలితే, ఇంకోటి భయంతో నెట్‌వర్క్ నుంచి తప్పుకుంది. ఆ సందేశం జనానికి చేరేసరికి ఒక రోజుకు పైగా గడిచిపోయింది. అప్పటికి అందులో ఉన్నదంతా వేరేవాళ్లు తమంతట తాము కనిపెట్టేశారు. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. తప్పు చేసినవాడు తప్పు తెలుసుకుని పంపిన మాటను, అతని తప్పే చేరనివ్వలేదు.

అదృష్టవశాత్తూ ఆ వారం బర్కిలీలో యూనిక్స్ వర్క్‌షాప్ జరుగుతోంది. ఆ విద్యలో తలపండినవాళ్లు చాలామంది ఒక్కచోటే ఉన్నారు. బర్కిలీలో తెల్లవారకముందే కీత్ బోస్టిక్ సెండ్‌మెయిల్‌కు మరమ్మతు రాసి నెట్‌వర్క్‌లో పెట్టాడు. చాలామంది దాన్ని వేసుకుని హమ్మయ్య అనుకున్నారు. కానీ మరమ్మతు చేసిన యంత్రాల్లోకీ ఆ పాకే ప్రోగ్రామ్, ఆ పురుగు, వస్తూనే ఉంది. ఇంకో దారి ఉందని అప్పుడు తెలిసింది. ఫింగర్ సర్వర్ సంగతి బయటపడేసరికి గురువారం సాయంత్రమైంది. ఆ లోపల ఎంఐటీలో మార్క్ ఐకిన్, జాన్ రాక్లిస్, వాళ్ల సహచరులు, బర్కిలీ బృందం, పర్డ్యూలో యూజీన్ స్పాఫర్డ్, యూటాలో డాన్ సీలీ, ఎవరికి వాళ్లు ఆ ప్రోగ్రామ్ యంత్రభాషను ముక్క ముక్కగా విప్పి తిరిగి సి భాషలోకి రాస్తూ కూర్చున్నారు. ఆ ప్రోగ్రామ్ తన మాటలన్నిటినీ ఒకే సంఖ్యతో తారుమారు చేసి దాచుకుంది. ఆ తాళం చిన్నదే. త్వరలోనే తెరుచుకుంది.

ఫింగర్ సర్వర్‌కు చేసిన మరమ్మతు ఎంత పెద్దది? ఒక్క వరుస. గెట్స్ తీసేసి ఎఫ్‌గెట్స్ పెట్టారు. ఎఫ్‌గెట్స్ ఎక్కడ రాయాలో అడుగుతుంది, ఎంతవరకు రాయవచ్చో కూడా అడుగుతుంది. 512 అని చెబితే 511 అక్షరాలు చదివి, చివరి గడిలో సున్నా పెట్టి ఆగుతుంది. మిగిలింది మిగిలిపోనీ. ఈ ఫంక్షన్ 1988లో కనిపెట్టింది కాదు. గెట్స్‌తో పాటే అదే లైబ్రరీలో, అదే మాన్యువల్‌లో పక్కపక్కనే ఉంది.

ఎన్ని యంత్రాలు దెబ్బతిన్నాయి? ఆరు వేలు అన్నది అందరి నోటా ఉన్న అంచనా. అరవై వేలలో పదో వంతు అన్న ఊహ అది. ఎవరూ లెక్కపెట్టింది కాదు. ఒక్కోచోట శుభ్రం చేయడానికి అయిన ఖర్చు 200 డాలర్ల నుంచి 53,000 డాలర్లకు పైగా ఉందని కోర్టు రాసుకుంది. ఆ నవంబరులోనే అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డబ్బుతో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో సెర్ట్ అనే అత్యవసర కేంద్రం పుట్టింది. మన దేశంలో 2004లో మొదలైన సెర్ట్-ఇన్‌కు పేరు అక్కడిదే.

మోరిస్ మీద 1989 జులైలో కేసు పెట్టారు. సిరక్యూస్ కోర్టులో జ్యూరీ 1990 జనవరి 22న దోషి అని తేల్చింది. 1986 నాటి కంప్యూటర్ మోసాల నిరోధక చట్టం కింద జ్యూరీ దోషిగా తేల్చిన మొదటి మనిషి అతనే. మే నెలలో శిక్ష పడింది: మూడేళ్ల ప్రొబేషన్, 400 గంటల సమాజ సేవ, 10,050 డాలర్ల జరిమానా. 1991లో అప్పీలు కొట్టేశారు. తర్వాత అతను చదువు పూర్తి చేశాడు, పాల్ గ్రాహమ్‌తో కలిసి కంపెనీ పెట్టి యాహూకు అమ్మాడు, ఎంఐటీలో ప్రొఫెసర్ అయ్యాడు. శిక్ష న్యాయమేనా అన్న వాదన అమెరికాలో చాలాకాలం నడిచింది. తాళం వేయని ఇల్లు అయినా, లోపలికి వెళ్లే హక్కు ఎవరికీ రాదు. అతను చేసింది నేరమే. కానీ ఆ కోర్టులో నిలబెట్టాల్సిన ఇంకో ముద్దాయి గెట్స్. దాన్ని ఎవరూ నిలబెట్టలేదు. అది మరో ఇరవై ఏళ్లకు పైగా స్వేచ్ఛగా తిరిగింది. సి భాష ప్రమాణాల నుంచి గెట్స్‌ను పూర్తిగా తీసేసింది 2011లో.

*

ఈ లోపం ఎవరికీ తెలియక జరిగిందా అంటే అదీ కాదు. 1972లోనే అమెరికా వైమానిక దళం కోసం జేమ్స్ ఆండర్సన్ రాసిన నివేదికలో ఈ ప్రమాదం ఉంది. రాయబోయే చోటు, రాయదగ్గ చోటేనా అని చూడకుండా కాపీ చేస్తే, వాడుకదారుడు వ్యవస్థ ప్రోగ్రామ్ మీదే తన కోడ్ పరిచి నడిపించుకోగలడని అందులో చెప్పారు. పదహారేళ్ల తర్వాత అచ్చంగా అదే జరిగింది. 1996లో ఆలెఫ్ వన్ అన్న కలం పేరుతో వచ్చిన వ్యాసం ఒకటి, స్టాక్‌ను ఎలా పగలగొట్టాలో పాఠంలా వివరించింది. ఇక ఆ విద్య అందరిదీ అయింది. 2003 జనవరి 25న స్లామర్ అనే పురుగు వచ్చింది. మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సర్వర్‌లోకి పొడవు చూడకుండా కాపీ చేసిన ఒక మాట ద్వారా దూరింది. మొత్తం 376 బైట్లు. పది నిమిషాల్లో, దానికి లోబడే యంత్రాల్లో తొంభై శాతాన్ని చుట్టేసింది.

గెట్స్ ఒక్కటే అయితే ఇంత కథ ఉండేది కాదు. దానికి పెద్ద కుటుంబం ఉంది. ఒక బఫర్ నుంచి ఇంకో బఫర్‌లోకి అక్షరాలు కాపీ చేసే స్టర్‌కాపీ అనే ఫంక్షన్ కూడా అలాంటిదే. చేరే చోటు ఎంత పెద్దదో అడగదు, సున్నా కనిపించేదాకా రాస్తూ పోతుంది. ప్రపంచంలో ఎన్ని కోట్ల వరుసల్లో అది కూర్చుని ఉందో!

జనం అప్పుడు స్టర్‌ఎన్‌కాపీ వైపు తిరిగారు. అది పొడవు అడుగుతుంది, కాబట్టి క్షేమం అనుకున్నారు. ఇక్కడే రెండో తప్పు జరిగింది. స్టర్‌ఎన్‌కాపీ పుట్టింది క్షేమం కోసం కాదు. తొలినాటి యూనిక్స్‌లో ఫైలు పేరుకు సరిగ్గా 14 బైట్ల గడి ఉండేది. పేరు చిన్నదైతే మిగిలిన గళ్లన్నీ సున్నాలతో నింపాలి. సరిగ్గా 14 ఉంటే సున్నాకు చోటే లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. ఆ పని కోసం చేసిన పనిముట్టు అది. దాన్ని తెచ్చి మామూలు వాక్యాలకు వాడితే, బఫర్ నిండిన రోజున చివర సున్నా ఉండదు. తర్వాత ఎవరైనా ఆ మాటను చదవబోతే ముగింపు గుర్తు దొరక్క పక్క మెమొరీలోకి చదువుకుంటూ పోతారు. రాయడంలో గీత దాటకుండా ఆపి, చదవడంలో దాటించింది. పొడవు అడిగే ఫంక్షన్ అని దాన్ని కళ్లు మూసుకుని నమ్మిన కోడ్‌లో ఈ లోపం ఈ రోజుకీ దొరుకుతుంది.

1998లో ఓపెన్‌బీఎస్‌డీ అనే యూనిక్స్‌ను నిర్మించే టాడ్ మిల్లర్, థియో డి రాట్ దీనికి మందు తయారు చేశారు. స్టర్‌ఎల్‌కాపీ. చేరే బఫర్ మొత్తం సైజు చెబితే చాలు. దాటి రాయదు, చివర తప్పక సున్నా పెడుతుంది. ఇంకో మంచి పని, అసలు మాట పొడవెంతో తిరిగి చెబుతుంది. ఆ అంకె మనం ఇచ్చిన సైజుకు సమానంగానో, ఎక్కువగానో ఉంటే తోక తెగిందని తెలుస్తుంది. చూడ్డానికి ఇంత సులువైన దాన్ని లినక్స్ ప్రపంచంలో వాడే గ్లిబ్‌సీ లైబ్రరీ మాత్రం 2000లో వద్దంది. కారణాలు పూర్తిగా కొట్టిపారేయదగ్గవి కావు. తోక తెగిన మాటను చూసుకోకుండా వాడితే అదీ ప్రమాదమే. ఎవరి పేరో సగం తెగి ఇంకొకరి పేరైపోతే, ఒక ఫైలు దారి తెగి ఇంకో ఫైలుకు పోతే, మెమొరీ క్షేమంగా ఉన్నా పని క్షేమంగా లేనట్టే. ఈ వాదన ఇరవై ఏళ్లకు పైగా సాగింది. చివరకు గ్లిబ్‌సీ 2023 ఆగస్టులో స్టర్‌ఎల్‌కాపీని చేర్చుకుంది. విచిత్రం ఏమిటంటే, అదే కాలంలో లినక్స్ కెర్నల్, అంటే ఆ వ్యవస్థ గుండెకాయ, దాన్ని బయటికి పంపుతోంది. మూలం మాట పొడవు చెప్పాలి కాబట్టి అది మూలాన్ని చివరిదాకా చదువుతుంది. మూలంలోనే సున్నా లేకపోతే? అందుకని కెర్నల్ వాళ్లు 2015లో స్టర్‌ఎస్‌కాపీ అని ఇంకోటి రాసుకున్నారు. అది అవసరానికి మించి చదవదు. తోక తెగితే పొడవు చెప్పదు, నేరుగా తప్పు జరిగిందనే సంకేతం ఇస్తుంది. పాత పిలుపులన్నీ ఒక్కొక్కటిగా మార్చి 2024లో స్టర్‌ఎల్‌కాపీని కెర్నల్ నుంచి పూర్తిగా తీసేశారు. ఎన్నో చోట్ల, ప్రతి చోటా ఆగి, ఇక్కడ తెగితే ఏమవుతుంది అని అడుగుతూ చేసిన పని అది. ఆ ఓపికకు నేను దండం పెడతాను.

కంపైలర్లు కూడా తమ వంతు చేశాయి. బఫర్‌కూ రిటర్న్ అడ్రస్‌కూ మధ్య రహస్య సంఖ్య ఒకటి కాపలా పెట్టి, అది చెదిరితే ప్రోగ్రామ్‌ను అక్కడికక్కడే ఆపేసే పద్ధతి 1998లో వచ్చింది. స్టాక్‌లో ఉన్నదాన్ని ప్రోగ్రామ్‌గా నడపకుండా ప్రాసెసర్ చేతే అడ్డుపెట్టించే పద్ధతి ఆ తర్వాత అంతటా వ్యాపించింది. మోరిస్ 536 బైట్లు ఈనాటి యంత్రంలో పారవు. కానీ ఇవన్నీ దెబ్బ తగిలాక ప్రాణం కాపాడేవి. దెబ్బ తగలకుండా చూడాల్సింది కాపీ చేసే చెయ్యే.

ఇదంతా ఎక్కడో అమెరికా గొడవ అనిపించవచ్చు. మన కాలేజీల్లో సి ల్యాబు గుర్తున్నవాళ్లకు అలా అనిపించదు. నీలం తెర టర్బో సి, పేరు దాచుకోవడానికి ఇరవై బైట్ల బఫర్, దాని కింద గెట్స్. తెలుగు రాష్ట్రాల్లో ఎన్ని వేలమంది పిల్లలు తొలి ప్రోగ్రామ్ ఇలా రాశారో! పైగా మన పేర్లు చిన్నవి కావు. వెంకట సత్య సూర్యనారాయణ మూర్తి అని ఇంగ్లీషులో కొడితే ఖాళీలతో కలిపి 34 అక్షరాలు, చివర సున్నాతో 35. ఇరవై గళ్లలో 35. కొన్నిసార్లు ప్రోగ్రామ్ కూలుతుంది, కొన్నిసార్లు కూలదు. కూలని రోజునే ఎక్కువ నష్టం, పిల్లవాడు సరిగ్గా రాశాననుకుని ఆ అలవాటును ఉద్యోగంలోకి తీసుకెళ్తాడు.

తెలుగులోనే రాస్తే లెక్క ఇంకా మారుతుంది. ఇప్పుడు అంతటా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు కావాలి. సూర్యనారాయణ అన్న ఒక్క మాటలో అక్షరాలు, గుణింతపు గుర్తులు, పొల్లు కలిపి 11 సంకేతాలు. అంటే 33 బైట్లు. 32 గళ్ల బఫర్‌లోకి స్టర్‌ఎల్‌కాపీతో కాపీ చేయండి. అది 31 బైట్లు రాసి సున్నా పెడుతుంది. మొదటి పది సంకేతాలూ సరిగ్గా వస్తాయి. చివరి 'ణ'లో మూడింట ఒక ముక్క మాత్రమే మిగిలి, తెర మీద ప్రశ్నార్థకం ఉన్న నల్లని డైమండ్‌గా కనిపిస్తుంది. మెమొరీకి ఏమీ కాలేదు. పేరు మాత్రం పాడైంది. రేషన్ కార్డులోనో, బ్యాంకు పుస్తకంలోనో తెగిన పేరు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషికి మెమొరీ క్షేమంగా ఉందని చెప్పి ఏం లాభం?

కాబట్టి మనవాళ్లు రాసే కోడ్‌లో, స్టర్‌ఎల్‌కాపీ తిరిగి ఇచ్చే ఆ అంకెను చూడకుండా వదలకూడదు. 32 గళ్లిస్తే 33 అని జవాబు వచ్చిందంటే, పేరును కోయకుండా 34 గళ్లు అడిగి తెచ్చి, సున్నాతో సహా మళ్లీ కాపీ చేయాలి. అంత చోటు ఇవ్వలేని ఫారమ్ అయితే పేరు పట్టలేదని ఎదుటి మనిషికి అక్కడే చెప్పాలి. కోయక తప్పని చోట, తెర మీద చూపించే చిన్న లేబుల్ లాంటిదైతే, 31 దగ్గర కాక 30 దగ్గరకు వెనక్కి జరిగి, నిండు సంకేతం ముగిసిన చోట సున్నా పెట్టాలి. ఇందుకు పట్టేది నాలుగైదు వరుసల కోడ్.